గొట్టంతో పట్టిన మందు

డుంబ్రిగుడ అవతల, కొండ కింద పశువుల పాక. వానకి మొలిచిన లేత గడ్డి మేసి కడుపుబ్బిన ఎద్దు నేల మీద పడి ఉంది. పశువుల డాక్టర్ని తేవడానికి వెళ్ళిన నాన్న, దారిలో గెడ్డ నీళ్ళు పొంగడంతో అవతలే చిక్కుకుపోయాడు. ఆయన కూతురు, బడికెళ్ళే గుంట, ఎద్దు తల పట్టుకుంది. నానమ్మ వాము నూరి కలిపిన నూనెని వెదురు గొట్టంలో పోస్తోంది.

"అలా వణికిపోతన్నావేటే?"

"తడిసి ముద్దయ్యాను నానమ్మా. ఇంగ్లీషులో దీన్ని డ్రెంచ్ అంటారు. మొన్ననే టీచర్ చెప్పింది."

"తడవడానికి కూడా పాఠమేటే?"

"మొదట్లో ఆ మాటకి తాగించడమని అర్థమట. పశువులకి గొట్టంతో మందు పట్టడాన్ని ఇప్పటికీ అలాగే అంటారట."

"అయితే ఆళ్ళకీ మనలాగే గొట్టాలున్నాయన్నమాట. తల మరీ పైకెత్తకు, మందు ఊపిరిలోకి పోద్ది. గొంతు మీద సెయ్యేసి సూడు, మింగిందా?"

"కొంచెం మింగింది. మిగతాదంతా కారిపోతంది."

"మందు పట్టాక ఆళ్ళ ఎడ్లు బతికీవా? అది సెప్పిందా మీ టీచరు?"

"లేదు నానమ్మా."

గుంట ఎద్దు మెడ మీద ముఖం ఆనించుకుంది.

"మాటలు ఆపీకు. ఆ డ్రెంచ్ గురించే ఇంకా సెప్పు."

"ఇప్పుడెందుకు?"

"దూడప్పట్నించీ దానికి నీ గొంతు తెలుసు. నువ్వు మాటాడినప్పుడల్లా సెవి కదుపుతంది."

గుంట కళ్ళు తుడుచుకుని ఎద్దు చెవి దగ్గరికి వంగింది.

"డ్రెంచ్ అంటే తాగించడం. డ్రెంచ్ అంటే..."

చెవి కదల్లేదు. గుంట మళ్ళీ మొదట్నించీ చెప్పింది.

నానమ్మ గొట్టం కింద పెట్టేసింది.