అల్లనేరేడు పండ్ల కాలం

ఆ దొడ్డికి పరీక్ష డబ్బ అట్ల నా మొకం ముందల పెట్టకే రూతమ్మ, చాయ్ తాగుతున్న గదా, జర పక్కకు పెట్టు. అవ్, ఖాళీగనే ఉంది, నాకు కండ్లు కనవడ్తయి. మూడు దినాల సంది నువ్వు వచ్చుడు, నేను రేపిస్త అనుడు. నర్సు చదువు చదివినవని నీకు సిగ్గు లేదు గని, ఆడపిల్లవు, నీ చేతికి గది ఎట్లియ్యాలె? మా ముసలామె గౌసియానే చెప్పింది గదా నీకు, మెట్లెక్కుతుంటే నాకు కండ్లు తిరుగుతున్నయని? ఆమెకు అన్నిటికీ ఫికరే. డెబ్బై దాటినంక ఎవలికి తిరగవు? కూసో. అచ్చం మీ తాత లెక్కనే సూస్తున్నవ్, కనుబొమ్మలు పైకి లేపి. నేను పైపు వంకర బిగిస్తే నారయ్య గట్లనే సూస్తుండె.

నీకు యాదికున్నడా మీ తాత? గప్పుడు నువ్వు ఏడో, ఎన్మిదో చదువుతుంటివి. ఇంటింటికి లెట్రిన్లు కట్టాలన్న యేడు, చుట్టుపక్కల ఊర్లల్ల సగం మా ఇద్దరి చేతుల మీదనే లేసినయి. ఆయన మేస్త్రి, నేను పైపులోన్ని. తెల్ల సీటు పెట్టుడంటే నారయ్యనే పెట్టాలె, ఇంత ఎగుడు దిగుడున్నా ఊకోకపోతుండె, పీకి మల్ల పెడుతుండె. ఇంటోళ్లకు వార్నింగ్ గూడ ఇస్తుండె, ‘ఏమమ్మా, దీంట్ల కట్టెలు నింపితివో, మల్లొచ్చి పలగ్గొడ్త’ అని. మరి ఆయన సొంతింట్ల? మీ లెట్రిన్ల కోళ్లు పండుతుండె! మీ సంతోషమ్మ నాయనమ్మ మొత్తుకునేది, ‘ఊరందరికి కడ్తడు, ఈయన మాత్రం చెంబు వట్కొని చెలకల పొంటి పోతడు’ అని. ‘నాలుగు గోడల నడుమ నాకు రాదే’ అంటుండె ఆయన. నవ్వు, నవ్వు, నేను గూడ నవ్విన. గని బిడ్డా, అసలు కష్టమంత గక్కడనే ఉండె. తెల్లారకముందే పోయెటోడు, చీకట్ల ఏం కనవడ్తది? ఏ రంగుందో, ఎట్లొస్తుందో ఆయనకే తెల్వది.

బొంగులూరు కాడ ఒకాయన ఇల్లు కడ్తుండె గప్పుడు. గిప్పుడైతే అన్నీ ఇండ్లే, గా ప్లాటు యాడుందో పోయినా నేను గుర్తువట్ట. మిరుగం కార్తె పోయి వానలు వడ్డ దినాలు. పక్కనే అల్లనేరేడు చెట్టు. వారం దినాలు గవే తిన్నం, ఇద్దరి నాలుకలు ఊద రంగు. నారయ్యకేమో మోకాళ్ల నొప్పులు, బతుకంత కూసొని లేసే పనాయె. మెడికల్ షాపుల గోలీలు తెచ్చుకొని పరిగడుపున ఒకటి, పనికాడ ఒకటి ఏసుకునేటోడు. కడుపుల మంటంటే సోడ తాగుతుండె. ఒకనాడు పనిల ఉండంగనే ఆపుకోలేక, ముందటి దినం తనే పెట్టిన సీటు మీద కూసున్నడు. బైటికొచ్చి నా చెయ్యి వట్టుకున్నడు. ‘భాయ్, ఒకటి చెప్త, నవ్వకు. నల్లగొచ్చిందే. డాంబర్ లెక్క, జిగట. నీళ్లు పోస్తే పోతలేదు, వాసన గూడ వేరే ఉంది’ అన్నడు. నేనేం జేసిన? నవ్విన. ‘గంపెడు అల్లనేరేడు పండ్లు మెక్కితే నల్లగ రాక తెల్లగొస్తదా’ అన్న. ఆయన గూడ నవ్విండు. నా మాట మీద గంత నమ్మకం నారయ్యకు. మల్ల ఆ ముచ్చట ఎత్తలే. సీటు మాత్రం బ్రష్షు తీస్కొని రుద్ది రుద్ది కడిగిండు.

ఇరవై దినాలకు నిచ్చెన ఎక్కుతు ఎక్కుతు కండ్లు తిరిగి జారిండు. దెబ్బ తాకలే, గని మొకంల రక్తం సుక్క లేదు. హైదరాబాదుకు తీస్కపోయినం. డాక్టరమ్మ అడిగింది, ‘నొప్పి గోలీలకు కడుపుల పుండయ్యి లోపల్లోపల రక్తం కారుతుంది. గట్ల కారితే దొడ్డికి నల్లగొస్తది. ఎన్నడన్న వచ్చిందా? ఎన్ని దినాలాయె?’ అని. మీ నాయనమ్మ నా దిక్కు సూసింది. మీ నాయన నా దిక్కు సూసిండు. నేను నవ్విన సంగతి యాదికొచ్చింది. ‘మాలుం లేదమ్మా’ అన్న. ‘నల్లగ జిగటగ సూసిన దినమే తోల్కొస్తే, గొంతులకెల్లి కెమెరా ఏసి సూసి, మందులిచ్చి ఇంటికి పంపుతుంటిమి గదా’ అన్నది ఆమె. రెండో దినం పాయె మీ తాత. ఎన్మిదేండ్లాయె. గిది నేను ఎవలికీ చెప్పలే, గౌసియాకు గూడ చెప్పలే. తిట్టు బిడ్డా, తిట్టాలెననిపిస్తే తిట్టు. తిట్టకుంట రోగం ముచ్చట చెప్తున్నవేందే?

అవ్, రక్తం పట్టే గోలీలు తిన్నా నల్లగొస్తదంటవ్, అన్ని నలుపులు ఒకటి గావంటవ్. మరి ఎవలికి తెలుస్తది ఏది ఏందో? డాక్టరుకే, అవ్, మనకు గాదు. ఎర్రగ పడ్డా పోవాలె, నెల దినాలు దొడ్డికి పోయే అలవాటు తప్పినా పోవాలె, వేడి చేసిందని సబ్జా గింజలు తాగుకుంట కూసోవద్దు. ఇంటున్న. గా దిండు కింద చెయ్యి పెట్టకు! నడుం నొప్పి గోలీలవి. దినానికి రెండే. పొద్దుగాల... చాయ్‌తోని. గట్ల సూడకే రూతమ్మ, నాకు భయమైతుంది.

వారమాయె నాకు గూడ నల్లగొచ్చుడు. మా సీటు గూడ నారయ్య పెట్టిందే, మంచిగ కనవడ్తది దాని మీద. గప్పుడు మీరు పంపిన క్రిస్మస్ కేకు తింటుంటిని, నల్లటి కేకు గదా, దాని రంగే అనుకున్న. కేకు ఒడిసి నాలుగు దినాలాయె. అల్లనేరేడు పండ్లు అందామంటే గీ చలికాలంల యాడియి? దొర్కితే తిని గదే కారణమందును.

ఇగ డబ్బ వద్దా? సీదా దవాఖానకేనా, గిప్పుడేనా? సరే, ఆటోను పిలువు. డాక్టరు అడిగితే నువ్వు చెప్పకు, నేనే చెప్త ఎన్ని దినాలాయెనో. గౌసియా, నా చెప్పులు యాడ పెట్టినవే?