జంట లేని తివాచీలు

హలో… ఆ, నేనే.

…వినబడుతోంది మిర్లాన్. ఆగు, కిటికీ దగ్గరికొస్తా, సిగ్నలు అక్కడే. పొద్దున్నే మబ్బు కొండమీంచి జారి ఊరి నెత్తిన కూచుంది. కనుమ దారి కూడా కనబడటం లేదు. ఆ… ఇప్పుడు చెప్పు.

…లారీయా? ఇక్కడే ఉంది.

…లేదు, కదల్లేదు. డ్రైవరు మన ఇంట్లోనే. మూడో రోజు. మంచివాడే పాపం, అడక్కుండానే పొయ్యిలోకి పిడకలు తెచ్చిపెడుతున్నాడు.

…అరవకు మరిదీ. నువ్వు బిష్కెక్‌లో ఎంత వేడిగా అరిచినా, ఈ కొండకి ఎక్కేసరికి చల్లారిపోతుంది.

…తివాచీలు రెండు వందలూ దించాడు. లెక్క సరిపోయింది. అయినవి ఎనిమిది.

…ఎనభై కాదు. ఎనిమిది. నాలుగు జంటలు.

…తివాచీ వెనక చీటీ కుట్టడానికి నిమిషం చాలని నాకూ తెలుసయ్యా. మీ అమ్మ చీటీ దాకా రానిస్తేగా.

…చెప్తా, విను. నువ్వు ఫోన్లో ఏమన్నావు? ‘మిగిలిన పని కాస్తే వదినా, కానిచ్చి పంపించెయ్యండి’ అన్నావు. ఎనిమిదిమంది ఆడవాళ్ళం చేతులు కడుక్కుని కూచున్నాం. మిగిలింది ఎంతో చూద్దామని మీ అమ్మ ఒకటి తీసి తిరగేసింది. ఎర్ర ఉన్ని మీద తెల్ల ఉన్నితో పొట్టేలు కొమ్ము బొమ్మ. కొమ్ము కొస పట్టి లాగింది. ఊడి చేతిలోకొచ్చింది.

…అవును, జిగురు. కింద ఎర్ర ఉన్ని కొయ్యనే లేదు. చెక్కు చెదరకుండా ఉంది. ‘పాపం, ఫ్యాక్టరీవాళ్ళు కోత పని మనకే వదిలారే’ అంది మీ అమ్మ. ‘కత్తి తెండి’ అంది.

…మేమేం అడ్డుపడతాం? ఆమె కత్తి పట్టి ఆరేళ్ళయింది. ఆ వేళ్ళు నీకు తెలుసుగా, గిన్నె కూడా నిలవదు. అలాంటిది కొమ్ము చుట్టూ కోసేసింది, వంకర లేకుండా. తెల్ల కొమ్ము ఆ బెజ్జంలో కూచోబెట్టి కుట్టాం. మరి బయటికొచ్చిన ఎర్ర కొమ్ము?

…అదే. ఎర్రదాంట్లోంచి తీసింది తెల్లదాంట్లోకి, తెల్లదాంట్లోంచి తీసింది ఎర్రదాంట్లోకి. ఒక్క కోతకి రెండు. నీ చిన్నప్పుడు నువ్వూ ఆ కోతల మధ్యే పాకావు. ‘దీని జంటేదీ’ అని అడిగింది. లారీ అంతా వెతికాం. డ్రైవరు సీటు కింద కూడా. ఎక్కడా లేదు.

…నవ్వుతున్నావో ఏడుస్తున్నావో తెలియటం లేదు.

…అప్పుడేముంది, అటకమీంచి మన తెల్ల ఉన్ని దింపాం. రెండేళ్ళుగా ఎవరూ కొనక అక్కడే పడుందిగా. ‘గరుకు’ అని మీ కంపెనీవాళ్ళు వద్దన్నదే. మిగతా ఊరంతా వాళ్ళ ఉన్నిని వాగులో పారబోసుకుంది. మేం దాచాం.

…ఆ, అందుకే ఎనిమిది. నాలుగు వాళ్ళవి, నాలుగు మనవి.

…ఏ కాయితం? ఆ, కొనేవాళ్ళ ప్రశ్నల కాయితం. వచ్చింది. ‘గొర్రెలు సంతోషంగా ఉన్నాయా’ అని మొదటి ప్రశ్న. ఎవరి గొర్రెలయ్యా? మనవైతే లేచి దొడ్లోకెళ్ళి చూసొచ్చేదాన్ని. తివాచీలొచ్చిన సంచీ మీద, ఉన్ని ఎక్కడిదంటే, సముద్రాల అవతలి దేశం పేరుంది. వాటి సంతోషం నాకేం తెలుసు. ‘కబురు లేదు’ అని రాశా.

…తప్పా? సరే, కొట్టేస్తాలే.

…ఊఁ… ఊఁ… మళ్ళీ చెప్పు. చివరి కుట్టు ఎక్కడ పడితే అక్కడి సరుకా? అదా మీ లెక్క? గొర్రె ఒక దేశానిది, రంగు ఇంకో దేశానిది, మిషను కనుమ అవతలిది, కొనేవాడు హాలండువాడు. మేం చీటీ కుట్టగానే మన ఊరి చేతిపని అయిపోయిందన్నమాట. బాగుంది. కాన్పంతా ఎక్కడో అయ్యాక వచ్చి బొడ్డు కోసిన మంత్రసాని, బిడ్డ నాదే అన్నట్టుంది.

…లోకమంతా అలాగే చేస్తోందంటే చేస్తోందేమో. నాకు లోకం తెలియదు, మీ అమ్మ తెలుసు.

…చూసింది. చీటీ చూసింది మిర్లాన్.

…చదవలేదు, బొమ్మ చూసింది. తన బొమ్మేగా. తలపాగా కట్టుకుని, నవ్వుతూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని. నువ్వు తీసిందే, బక్రీదుకి. కింద ఏం రాసుందో చదవమంది. మొదట ఆమె పేరే ఉంది. అత్త పేరు నేను నోటితో అనకూడదుగా, కోడల్ని. డ్రైవరు చదివిపెట్టాడు. ‘ఈ తివాచీని ఈ తల్లి తన చేతులతో చేసింది’ అని.

…చీటీల కట్ట విప్పి ఒక్కొక్కటే పరుచుకుంటూ పోయింది. నేలంతా ఆమె ముఖమే. ఆఖరికి చేతులు చూసుకుంది. ‘ఇన్ని చేశానా. అందుకేనేమో నొప్పులు’ అంది.

…

…ఉన్నావా?

…తెలుసయ్యా. శుక్రవారంలోగా సరుకు అందకపోతే నీ కుర్చీ ఇంకొకరికిస్తారని తెలుసు. సంతకం పెట్టావని ఇప్పుడే వింటున్నా. ఏమని పెట్టావు?

…‘రెండు వందలూ మా అమ్మ చేతిపనే’ అని. ఊఁ.

…నాకు మాత్రం భయం లేదా? ఈ పని పోతే ఎనిమిది ఇళ్ళ చలికాలం పోతుంది. మొన్నటిదాకా మాతో కుట్టే జైనాబు కొడుక్కి బూట్లు, షార్‌కాన్ ఇంటికి బొగ్గు అన్నీ ఈ కుట్టుమీదే అనుకున్నాం. నేనూ వాళ్ళతో నెమ్మదిగా అన్నాను, ‘చూడనట్టుండి చీటీలు కుట్టేద్దామే’ అని. సిగ్గు దేనికి, అన్నాను. ఎవరూ సూది తియ్యలేదు. ముసలామె ఎదురుగా కూచుంటే ఎవరు తీస్తారు.

…ఇప్పుడు కుట్టాలన్నా చీటీలు లేవు.

…ఎనిమిది దాచింది. చేసినవాటికి. మిగతావి పొద్దున పొయ్యి రాజెయ్యడానికి వాడింది. నున్నటి కాయితం, సరిగా అంటుకోలేదు కూడా.

…నేనెలా ఆపను? నేను పాలు పితికి వచ్చేసరికి అయిపోయింది.

…ఇస్తాను, ఉండు… అత్తయ్యా, మీ చిన్నవాడు…

…తీసుకోవటం లేదు. కోపం కాదులే. ‘వాణ్ణి నేనేం అడగను, వాడే చెప్పాలి’ అంటోంది.

…ఏం చెప్పాలంటే? లారీ ఎటు పంపాలో. మా చేతిలో ఉన్నది లారీ మీద సరుకు కట్టే తాళ్ళే, కట్టిపెడతాం. కిందికి, నీ దగ్గరికి పంపమంటే కిందికే పంపుతాం, చీటీ లేకుండా. అక్కడ ఇంకో తల్లి ఫోటో అంటించుకుంటావో ఏమో నీ ఇష్టం. తల్లులకేం కొదవ.

…దెప్పాలని అనలేదులే.

…

…నీ ఇష్టం వచ్చినంతసేపు ఆలోచించు. మబ్బు ఎలాగూ విడలేదు.

…

…ఏమన్నావు? గట్టిగా చెప్పు.

…వచ్చిన దారినే? కనుమ అవతలికి?

…మరి నీ కుర్చీ?

…ఊఁ. సరే. అడగనులే.

…ఏమయ్యా డ్రైవరూ, వెనక్కి తిప్పాలట, మబ్బు విడాక. …నవ్వుతున్నాడు. ఈ దారిలో తను తిరిగి మోసుకెళ్ళే సరుకు ఇదే మొదటిదట.

…చెప్పాను. మీ అమ్మ విన్నది. నీకని తన పళ్ళెం పక్కన ఇంకో పళ్ళెం పెట్టింది, అంతే.

…బెష్‌బర్మాక్, మాంసం, పిండి రేకులు. ముసలి పొట్టేలు, ఉడికేసరికి ఈ వేళయింది. నువ్వు తిన్నావా?

…పొద్దున్నించీనా? నీ దగ్గరేం లేదా అక్కడ?

…నిన్నటి మాంసం సమ్సా అయితే ఏం. తీసి ముందు పెట్టుకో.

…వద్దు, కట్ చెయ్యకు. మీ అమ్మ సైగ చేస్తోంది, ఫోను తన పక్కన పెట్టమని. బట్ట మీద, రొట్టె పక్కన పెడుతున్నా. డ్రైవరూ కూచున్నాడు. మీ అమ్మ దువాకి చేతులు చాచింది… ఆమీన్.

…ఇంకేం మాట్లాడకు. నేనూ మాట్లాడను. తిను.

…

…

…