గిర్ని శ్రుతి

"ఆదివారం పొద్దుగాల ఈ హాలు పాటదే. నేను ప్రెసిడెంటుగ ఉన్నన్ని రోజులు తాళంచెవి బాలనర్సింహ మామ జేబులనే ఉంటది." రాసినవా తేజేష్? గదే మొదటి లైను. మన కాలనీ ప్రెసిడెంటు రామకృష్ణ అన్న మాట. సీతారామయ్య సారు పోయినంక హాల్ల సంతాప సభ వెడితిమి, ఎనిమిదేండ్లయింది, గప్పుడు మైకు పట్టుకొని కండ్లు తుడుసుకుంట అన్నడు. నేను నా కండ్లతోని సూసిన. తుడుసుకున్న తువ్వాల గూడ నాదే, మల్ల ఇయ్యలే. రామకృష్ణ ఇంకా ప్రెసిడెంటే. నేను ఇంకా బాలనర్సింహనే. నా జేబు ఉన్నది, జేబుల తాళంచెవి ఉన్నది. దసరా పోయినంక తాళం మార్చిండు. లోపట పచ్చ పట్ట పరిచి షటిల్ ఆడుతున్నడు. ఏమన్నవ్? సారు ఎవరా? గది తెల్వకనే కాయిదం రాస్తున్నవా? నీ తప్పు గాదులే, మీరు మొన్న మొన్న వచ్చినోల్లు. ఛాయ్ సల్లారుతుంది, తాగుకుంట ఇను.

సారు హబ్సిగూడ ల్యాబుల సైంటిస్టు. గోదారి దిక్కు మనిషి. నౌకరి మీద రెండేండ్లు జర్మనీకి పంపిన్రట. ఆడ ఏదో చర్చిల కోరస్‌ల నిలవడి, మూడు వందల ఏండ్ల కిందటి పాటలు నేర్చుకొని వచ్చిండు. బరోక్ సంగీతం అంటరు దాన్ని. రిటైరైనంక మంది ఏం జేస్తరు? పార్కుల నడుస్తరు, నడిచి నడిచి మోకాళ్లు అరిగినంక దవాఖానకు పోతరు. ఈయన ఏం జేసిండు? రైల్వేల నౌకరి దిగిపోయినోల్లు, బడి పిల్లలు, చిల్కానగర్ టైలరు, దొరికినోల్లందరిని జమజేసి హాల్ల పాట మొదలువెట్టిండు. గడ్డం కింద వెట్టేటి ఫిడేళ్లు నాలుగు. కుర్చీల కూసొని కాళ్ల నడుమ వెట్టి వాయించే పెద్ద ఫిడేలు ఒకటి, అది సారు జర్మనీ నుంచి తెచ్చుకున్నది. ఫిడేలు రానోల్లంత కోరస్. ఆ హాలుకు, నా పిండి గిర్నికి నడుమ ఒక్కటే గోడ. ఒకనాడు సూస్తె సారు వచ్చి నా గోడకు చెవి ఆనిచ్చి కండ్లు మూసుకొని నిలవడ్డడు. నేను అనుకున్న, అయిపాయె, గిర్ని లొల్లి అని కొట్లాటకు వచ్చిండు. లుంగీ ఎగ్గట్టిన. "ఏం సారు, పిండి గావాల్నా?" అంటి. "పిండి వద్దండీ. ఈ శబ్దం కావాలి" అన్నడు. మా ఆమె బాలనర్సమ్మ లోపట నుంచి ఒర్రింది, "జల్లెడ వట్టి ఇయ్యాల్నా, గట్లనే ఇయ్యాల్నా అడుగు" అని.

సంగతేందంటె, ఫిడేళ్లన్నిటికి ఒక్క శ్రుతి గట్టాలె గద. సారు జెప్పిండు, ఆయన లెక్కనే జెప్త ఇను: "ఆ రోజుల్లో అక్కడ ఊరికో శ్రుతి ఉండేది బాలనర్సింహ గారూ. ఏ ఊరి చర్చిలో ఆర్గన్ ఎలా మోగితే ఆ ఊరంతా దానికే కట్టుకునేది. పక్క ఊరి శ్రుతితో మనకేం పని? నాచారానికి ఆర్గన్ లేదు. మీ గిర్ని ఉంది." ఇగ ఆదివారం ఎనిమిది గొట్టంగనే నేను మోటరు ఎయ్యాలె. గోడవతల ఫిడేళ్లన్ని కుయ్యి కుయ్యిమనుకుంట నా గిర్ని మీదికి వచ్చి ఆగుతుండె. అట్లనే ఉంటదా మల్ల? ఎండకాలం ఇంటింటికి కూలర్లు మొదలైతె ఓల్టేజి పడ్తది, మోటరు సప్పుడు కిందికి దిగుతది, సంగీతం అంత దానెంబడి దిగుతది. నేను శరం పడి "సారు, కరెంటు తక్కువున్నది" అంటె ఎగిరి గంతేసిండు. "బ్రహ్మాండం! అప్పట్లో శ్రుతి ఇంతే కిందికి ఉండేది!" అన్నడు. లో ఓల్టేజికి సంబురపడ్డ మనిషిని ఉప్పల్ మొత్తంల గాయినొక్కన్నే సూసిన. ఇంకొకటి. గిర్నిల బియ్యం పోస్తె ఒక సప్పుడు, జొన్నలు పోస్తె బరువుకు జర దిగిన సప్పుడు. సారు కనిపెట్టేసిండు. సంతోషం పాటకు బియ్యం, దుఃఖం పాటకు జొన్నలు. గోడ మీద రెండు దెబ్బలు గొడితె జొన్నలు పొయ్యాలె. అందుకే మా గల్లీల ఆదివారం ఎవరింట్ల రొట్టెలు చేసుకున్నా, సారు ఏడిపించే పాట తీసిండని తెలుస్తుండె. ఒక్కసారి తెల్వక మిరపకాయలు వట్టిన. ఘాటు కిటికీలకెల్లి పోయింది. పాట ఆగలే, సారు చెయ్యి ఆపలే, గని ఒకరెనుక ఒకరు తుమ్ముకుంట పాడిన్రు. ఎవ్వరు తాళం తప్పలే. సారు భార్య రాజేశ్వరమ్మ గారు పాట అయినంక ముక్కు తుడుచుకొని, "తుమ్ములు కూడా నేర్పారా మీరు?" అన్నది.

నన్నెట్ల జేర్చుకున్నడంటవా? నలబై ఏండ్లు గిర్ని పక్కన కూసున్న గొంతు గద ఇది. మోటరు బంద్ జేసినా గా సప్పుడు నా లోపట నడుస్తనే ఉంటది. సారు అది పట్టిండు. అందరికంటె కింది గొంతు నాది, గట్లాంటి గొంతోల్లం నలుగురం ఉంటిమి. ఇగ సికింద్రాబాద్‌ల ఒక చర్చిల పాడనీకి పిలిచిన్రు. గిర్నిని ఎట్ల తీస్కపోతవ్? సారు నన్ను తీస్కపోయిండు. ఇంట్ల మోటరు ఎయ్యంగనే నేను 'ఊఁ' అని అందుకోవాలె, చర్చి దాక ఇడువొద్దు. సిటీ బస్సు ఎక్కినం. కండక్టరమ్మ వచ్చి "ఏడికి?" అన్నది. నేను "ఊఁ". "ఎందరు?" "ఊఁ". "గీయనకేమైందన్నా, దవాఖానకా?" అన్నది. సారు చేతులు జోడించి, "అమ్మా, దయచేసి ఆయన్ని మాట్లాడించకండి, ఆయన మా శ్రుతి" అన్నడు. ఆమెకేం సమజైందో, ఆడోళ్ల సీట్ల నుంచి ఇద్దర్ని లేపి నన్ను కూసోవెట్టింది. పక్క ముసలామె నా నెత్తి మీద చెయ్యి వెట్టి దేవునికి మొక్కింది. నేను మొక్కుకు గూడ "ఊఁ". తార్నాక దాక మంచిగనే పోయిన. ఆడ నా తోటి బడిల చదివినోడు ఎక్కిండు. "అరే బాలనర్సింహా, మంచిగున్నవారా?" అన్నడు. నలబై ఏండ్లయె వాన్ని సూడక. నోట్లకెల్లి వచ్చేసింది బిడ్డా. "మంచిగున్నరా" అన్న.

గంతే. పోయింది. ఎతికిన, దొరకలే. సారు దిక్కు సూసిన. ఆయన కిటికీలకెల్లి బయటికి సూసిండు. చర్చిల నిలవడ్డంక అందరు నా మొకం దిక్కే. ఏదో ఒకటి తియ్యాలె గద, తీసిన. మస్తు కిందికి వచ్చింది. ఫిడేళ్లు గాడికే దిగినయి. పిల్లలకు సల్లగుండె, పై గొంతులు అల్కగ పాడిన్రు. మా కింది గొంతులు నలుగురం నోరు తెరిచినం, గాలి దప్ప ఏం రాలే. మొదటి వరుసల పాదిరి గారు ముందుకు ఒంగి చెవి దగ్గరికి తెచ్చిండు, పాపం, ఆయన చెవుల మీదనే అనుమానం వచ్చింది. మంది చప్పట్లు గొట్టిన్రు. నేను బయట మెట్ల మీద కూసుంటె సారు వచ్చి పక్కన కూసున్నడు. "అందరం ఒకే చోట తప్పాం కదండీ, ఇంకేం కావాలి" అన్నడు. లేసుకుంట మల్ల "ఆయన ఎవరు, మీ స్నేహితుడా? ఆదివారం రమ్మనండి, గొంతు బాగుంది" అన్నడు.

గట్లాంటి మనిషి. ఆయన నేర్పిన పాట ఎట్లుంటదంటె, మన కాలనీ మీటింగు లెక్కనే. ఒకరు మొదలువెడ్తరు, వాళ్లది అయిపోకముందే రెండోవాళ్లు అందుకుంటరు, మల్ల మూడోవాళ్లు. గని పాటల అందరి మాట ఇనవడ్తది. మీటింగుల రామకృష్ణది ఒక్కనిదే ఇనవడ్తది. నేను తాళం సంగతి అడగవోతె ఏమన్నడు? "మామా, శ్రుతి ఫోన్ల గూడ వస్తది. బోడుప్పల్‌ల మా బామ్మర్ది సెల్లార్ ఉన్నది, ఆడ పాడుకోండ్రి." నేనన్న, "షటిల్ గూడ ఫోన్ల వస్తది, నువ్వే ఆడుకో రాదు" అని. సెల్లారుకు నా గోడ ఉంటదా? సారు పోయినంక మేమే పాట నేర్పుతున్న పన్నెండు మంది పిల్లలు ఆదివారమాదివారం వచ్చి తాళం సూసి పోతున్నరు. సారు పెద్ద ఫిడేలు లోపట షటిల్ నెట్ల కింద ఉన్నది. నా మనవరాలు ప్రవీణ వాయించేది అదే. డిసెంబర్ ఇరవై ఒకటిన సారు పేరు మీద పిల్లల కచేరి. ఇయ్యాల పొద్దున సూస్తె పిల్ల గిర్నిల జొన్న బస్తా నిలవెట్టి, కాళ్ల నడుమ పట్టుకొని దాని మీద వేళ్లు ఆడిస్తుంది. నేను సూసిన అని ఆమెకు తెల్వదు. గోడ మీద రెండు దెబ్బలు గొట్టేటోడు లేడు, ఇగ నేనే మోటరు ఏసిన.

కాయిదం సదువు... ఆగు. నువ్వు రాసిన పోరాటం, ఆధిపత్యం, గవి మంచిగనే ఉన్నయి, ఉంచు, సారుకు గూడ నచ్చుతుండె. గని రామకృష్ణ మాట రామకృష్ణ మొకం మీదికే పోవాలె, మొదటి లైను పెద్దగ రాయి. కింద రాయి: మా తాళంచెవి, మా పెద్ద ఫిడేలు, మా ఆదివారం. జవాబు రాకుంటెనా? గది రాయకు. బాలనర్సమ్మ గుంటూరు మిరపకాయలు పది కిలోలు ఎండవోసింది, కిటికీ గదే కిటికీ, వాళ్ల ఆట గూడ ఎనిమిదింటికే. నవ్వకు, జవాబుకు గడువు తారీఖు రాయి. నవంబర్ ముప్పై, ఆదివారం, పొద్దున ఎనిమిది.