నాన్న నెత్తురు కోసం

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం: ఒంట్లో నెత్తురు ఊరని జబ్బుతో మంచం పట్టిన నాన్న, ఆసుపత్రి ల్యాబులో పనిచేసే మామయ్య, అమ్మ, నేను. అమ్మా మామయ్యా వంటింట్లో మాట్లాడుకుంటున్నారు. నేను గోడ పక్కన నిలబడి విన్నాను.

“మూలకణాలు ఒంట్లో చాలాచోట్ల ఉంటాయన్నావు కదరా. నా పొట్ట కొవ్వులోంచి తియ్యి. కావలసినంత ఉంది.”

“కొవ్వులోవి కొవ్వూ ఎముకా కడతాయక్కా. బావకి కావలసింది నెత్తురు.”

“పోనీ, అమ్మాయి పాలపళ్ళు డబ్బాలో దాచాను.”

“ఎండిన పంట్లో ఏముంటుందక్కా? అప్పుడే ఊడినదైనా నెత్తురు చెయ్యలేదు. ఎముక మజ్జలోవే చెయ్యాలి.”

“అయితే నా మజ్జ తీసుకో.”

“నీది కలవలేదని ఎన్నిసార్లు చెప్పను? కన్నకూతురు కాబట్టి అమ్మాయిది సగం కలుస్తుంది. అది చాలు.”

“దాని నడుములో సూది పొడుస్తారా? ఇంజెక్షనంటేనే మంచం కింద దూరే పిల్లరా.”

“మత్తిస్తారక్కా. కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది, మజ్జ మళ్ళీ ఊరుతుంది. బావకే టైము లేదు.”

“ఇద్దర్నీ ఒకేసారి ఆ ఆసుపత్రి మంచాల మీద చూడలేను. అలిసిపోయానురా.”

“దాన్ని ఒక్కమాట అడుగుదాం.”

“అడిగితే ఒప్పుకుంటుంది. అందుకే అడగొద్దంటున్నాను.”

నేను గుమ్మంలోకి వచ్చి, “నేనిస్తాను” అన్నాను.

అమ్మ లేచి వచ్చి నా జుట్టు సరిచేసింది. “వెళ్ళి చదువుకో” అని మెల్లగా తలుపు వేసింది.