ఐస్‌క్రీం డబ్బాలో గంట

అసున్సియోన్ నగరం పక్కన లంబారే. మే నెల చివర, అక్కడ చలి మొదలయ్యే రోజులు, పొద్దున పది. గేటు బయట, ఐస్‌క్రీం డబ్బాలో కెమెరాతో సహా తనే అమర్చిన గంట దగ్గర, రేడియోలు బాగుచేసే సిరిలో; లోపల అరుగు మీద, వీధంతా గౌరవంగా 'న్యా' అని పిలిచే నిమియా.

"మళ్ళీ నొక్కు, సిరిలో."

"నాలుగుసార్లు నొక్కాను, న్యా నిమియా. నాలుగుసార్లూ మోగింది. మీ ఫోన్లో నా ఫోటో కూడా వచ్చిందిగా?"

"వచ్చింది. ముక్కొక్కటే కనిపిస్తోంది."

"ఉన్నదే అంత. ఆ రేడియో కాస్త తగ్గిస్తారా? వీధి చివరికి వినిపిస్తోంది."

"ఉండనీ. ఇంట్లో ఎవరిదో ఒకరి గొంతు ఉండాలిగా. ఇది పాడైంది సిరిలో, ఒప్పుకో. పెట్టి రెండు నెలలవుతోంది, నువ్వు తప్ప ఒక్కరు నొక్కితే ఒట్టు."

"అంటే... ఛార్జరు నీరసంగా ఉంటే కెమెరా బోర్డు ఒక్కోసారి ఆగిపోతుంది. మారుస్తా ఉండండి."

"చూశావా! పొగ వస్తుందా? ఇల్లు అంటుకుంటుందా?"

"ఫోను ఛార్జరుకి ఇల్లు అంటుకోదండీ."

"అంటుకుంటే?"

"అంటుకోదు. ఇదుగో, మార్చాను. నొక్కుతున్నా."

"మోగింది."

"మోగింది కదా."

"ఇందాకా మోగిందిగా. మరెందుకు మార్చావు?"

"ఊరికే... మంచిదని."

"నా వైపు చూసి చెప్పు. అది బాగానే ఉంది కదూ? ఎవరూ రాలేదు. అంతే కదూ?"

"వైఫై కూడా ఒకసారి చూద్దాం."

"మీ అమ్మలాగే నువ్వూ. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి."

"చలికండీ. దక్షిణపు గాలి."

"చలైతే ఆ ఐసు నీళ్ళ తెరెరే తాగకు, గొంతు పట్టేస్తుంది."

"అడక్కూడదేమో గానీ, మీ అబ్బాయి డెర్లిస్ ఫోను చేస్తున్నాడా?"

"వాడి బైకు అమ్మింది వాడి మీద కోపంతో కాదు. ఏ బస్సు కిందో పడతాడని రోజూ చచ్చేదాన్ని. వాడితో ఒక్క మాట అనకుండా అమ్మేశాను, తప్పే. ఇంటి తాళంచెవి బల్ల మీద పడేసి పోయాడు. పోయినా ఫోను ఎత్తేవాడు సిరిలో. 'తిన్నాను' అనేవాడు, పెట్టేసేవాడు. నాకా ఒక్క మాట చాలు. అమ్మల పండగ నుంచి అదీ లేదు. పన్నెండు రోజులు! మూడు ఆసుపత్రులకి ఫోను చేశాను. నాలుగోదానికి చెయ్యడానికి చెయ్యి రావట్లేదు."

"పండగకి వస్తాడనుకున్నారా?"

"చీపా రొట్టెలు కాల్చాను, జున్ను ఎక్కువేసి. ఈ ఫోను ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నా. మోగితేగా."

"ఇక్కడే, అరుగు మీదా?"

"అరుగు మీదెందుకు? ఇదివరకైతే ఎవరొచ్చినా గేటు దగ్గర చప్పట్లు కొట్టేవాళ్ళు, చలిలోనైనా కిటికీ తీసి చెవి ఇటే పెట్టాల్సొచ్చేది. ఇప్పుడు గంట ఉందిగా. అన్నీ మూసుకుని రేడియో దగ్గర కూర్చుంటున్నా."

"ఒక్క నిమిషం. కార్డు తీస్తా."

"ఏం కార్డు?"

"గేటు ముందు ఏది కదిలినా ఫోటో తీసి ఈ కార్డులో దాచుకుంటుంది. గంట నొక్కితేనే మీ ఫోనుకి పంపుతుంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"అన్నీ పిల్లులే ఉంటాయని చెప్పలేదు. ఇదిగో, పిల్లి. పిల్లి. కుక్క. పక్కింటి కోడి. మళ్ళీ పిల్లి. పదిహేనో తేదీ, అమ్మల పండగ రోజు..."

"సిరిలో, ఆగావేం? నా గుండె ఆగిపోతుంది."

"డెర్లిస్."

"బతికున్నాడా? కాళ్ళూ చేతులూ?"

"అన్నీ బాగున్నాయి. చంకలో పూల పొట్లం."

"గంట నొక్కుతున్నాడా?"

"లేదు. రెండు చేతులూ ఎదురెదురుగా పట్టుకున్నాడు."

"దండం పెడుతున్నాడా ఏం?"

"దండం కాదండీ."

"తర్వాతది చూపించు."

"అలాగే. చేతులు."

"తర్వాత?"

"అలాగే. పద్నాలుగు ఫోటోలు. ఆఖరిదాంట్లో వీపు. పూలు గేటు కింద పెట్టాడు."

"పూలా? నేను చూడలేదే... మర్నాడు చెత్తబండి వాళ్ళు ఊడ్చుకుపోయుంటారు."

"న్యా నిమియా, కూర్చోండి."

"వాడు పోయాక పెట్టించాను సిరిలో ఈ గంట. ఇదొకటుందని వాడికేం తెలుసు? పుట్టినప్పట్నుంచీ ఈ గేటు ముందు చప్పట్లేగా."

"ఇప్పుడు ఫోను చెయ్యండి. జరిగింది చెప్పండి."

"ఎత్తడు. ఎందుకెత్తడో ఇప్పుడు తెలిసింది. రేడియో వీధి చివరికి వినిపిస్తోందన్నావే... నేను లోపలే ఉండి తలుపు తియ్యలేదనుకున్నాడు."