శుక్రవారం పాసింజరు

పదిహేను రోజులన్నారండీ. స్టేషన్‌లో అంటించిన కాగితం మీద అలాగే ఉంది, మీరూ చూశారుగా. లైను పనుల వల్ల పొద్దుటి పాసింజరు పదిహేను రోజులపాటు నిడదవోలు దగ్గర మళ్ళి భీమవరం, గుడివాడ మీదుగా బెజవాడ వెళ్తుంది, ప్రయాణికులు సహకరించగలరు అని. సహకరించాం. తొంభై రోజులు సహకరించాం. ఇంకెంత కాలం?

ఏంటీ, మళ్ళీ తిప్పుతారా? ఈసారి ఇక ఎప్పటికీ అటేనా? అందుకా ఈ అర్జీ.

కూర్చోండి సువర్ణగారూ. అది ఆయన కుర్చీ అని చూడకండి. ఈ ముసురులో తాడేపల్లిగూడెం నుంచి గుండుగొలను దాకా పడి వచ్చారు. ఇదిగో తువ్వాలు, తల తుడుచుకోండి.

చదివారుగా, విన్నాను. 'గుండుగొలను కాపురస్తులు యోబుగారు, వయసు యాభై ఎనిమిది, వారానికి మూడుసార్లు ఏలూరులో డయాలసిస్ చేయించుకునేవారు. రైలు దారి మళ్ళించినందువల్ల ఆసుపత్రికి వెళ్ళలేక మరణించారు.' మీవారే రాశారా? అచ్యుతరావుగారి అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని మా ఆయన అంటూ ఉండేవారు.

సంతకం పెట్టనని కాదండీ. పెడతాను. కాస్త ఆగండి.

మీరు లేకపోతే డయాలసిస్ మొదలెట్టిన నెలలోనే మేం మానేసేవాళ్ళం, తెలుసా? మీ గూడెంలో డయాలసిస్ బెడ్డు ఖాళీ లేదని మీవారికీ ఏలూరే రాశారు. మాకు ఏలూరే దగ్గర. సోమ, బుధ, శుక్రవారాలు మీరు అక్కడ ఎక్కి, కిటికీ పక్క సీటు మీద చేతిరుమాలు వేసి ఉంచేవారు. భీమడోలులో మేం ఎక్కగానే, 'రండి అన్నయ్యగారూ' అని అది తీసేవారు. ఎవరండీ మాకోసం సీటు ఆపేది? ఆయన జీవితంలో ఒకరు తనకోసం సీటు ఆపడం అదే మొదలు.

తిరుగు రైల్లో మరీను. నాలుగు గంటలు ఆ మిషను మీద పడుకుని లేచిన మనిషి, పిండి ఆరేసిన గుడ్డలా ఉంటాడు కదా. ఎదురూబొదురూ సీట్లలో మనవాళ్ళిద్దరినీ పడుకోబెట్టేసి, మనం తలుపు దగ్గర కూర్చునేవాళ్ళం. ఏం మాట్లాడుకునేవాళ్ళమో కూడా గుర్తులేదు. కూరలు, మందులు, మా అమ్మాయి పెర్సిస్ పురుడు. అంతే. కానీ ఆ ముప్పావుగంట నాకు ఎంత హాయిగా ఉండేదో మీకు చెప్పలేదెప్పుడూ.

రైలు తిప్పేశాక అది పోయింది.

బస్సులో ఎందుకు వెళ్ళకూడదంటారు అందరూ. వెళ్ళాం కదండీ. పొద్దున్నే హైవే మీదకి నడిచి నిలబడితే, వచ్చినవన్నీ నిండుగా వచ్చేవి. ఎక్స్‌ప్రెస్‌లు మా ఊళ్ళో ఆపవు. షేర్ ఆటోలో భీమడోలు, అక్కణ్ణుంచి బస్సు, ఏలూరులో దిగి మళ్ళీ ఆటో. ఈస్టరు వెళ్ళిన వారం మొదలెట్టారు కదా ఈ తిప్పడం, ఎండలు ముదిరే రోజులు. వచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం.

ఆయనకి రోజుకి మూడు గ్లాసులే నీళ్ళు. కొల్లేటికోట చెరువుల్లో ముప్పై ఏళ్ళు నడుంలోతు నీళ్ళలో దిగి చేపలకి మేత వేసిన మనిషి. బస్సులో పక్కవాళ్ళు బాటిలెత్తి గడగడా తాగుతుంటే తల అటు తిప్పుకునేవారు. నేను చూడనట్టు కూర్చునేదాన్ని.

ఒకరోజు నిలబడి వస్తున్నాం. ఎవరిదో సంచీ, సూదులు గుచ్చే ఆ ఎడంచేతికి తగిలింది. వాళ్ళ తప్పేం లేదు, బస్సు బ్రేకు కొట్టింది. అంతే, కట్టు తడిసి చొక్కా అంతా నెత్తురు. నేను రెండు బొటనవేళ్ళతో నొక్కిపట్టుకుని అలాగే ఉన్నాను, భీమడోలు దాకా. వదిలితే పోతారేమోనని. ఇంటికొచ్చాక నా వేళ్ళు అరగంట వరకు తిరగలేదు. ఆయనేమో, 'వరమ్మా, నీ చీర పాడైంది' అన్నారు.

మండవల్లిలో ఆయన చెల్లెలుంది. ఆవిడ ఫోన్ చేసి, 'అన్నయ్యా, మీ రైలు ఇప్పుడు మా ఊరి మీదుగా పోతోంది, పెట్టెలన్నీ ఖాళీయే' అంది. పాపం, ఏదో కబురు చెప్పాలని చెప్పింది. ఆయన నవ్వారు. 'అయితే నా సీటు మీ ఊరు చూసొస్తోందన్నమాట' అన్నారు.

మీరు అప్పట్లో ఏలూరులోనే గది తీసుకున్నారు. మంచి పని చేశారు. మమ్మల్నీ వచ్చి ఉండమన్నారు. ఉండాల్సిందేమో. ఆయనే, ఇంకొకరి గదిలో నేను వాంతులు చేసుకుంటూ ఎలా ఉంటాను అన్నారు. నేనూ గట్టిగా చెప్పలేదు.

పదిహేను రోజులు నెలైంది, నెల రెండైంది. స్టేషన్‌లో అడిగితే వచ్చేవారం అనేవారు. ఆ కౌంటరులో అబ్బాయి మాత్రం ఏం చేస్తాడు లెండి, అతనికి చెప్పిందే అతను చెబుతాడు.

ఆ చివరి బుధవారం మేం వెళ్ళలేదు. అది మీకు తెలుసు. హైవే దాకా వెళ్ళాం. గంటసేపు నిలబడ్డాం. రెండు బస్సులు ఆపకుండా పోయాయి. మూడోది ఆగింది గానీ, మెట్టు మీద కాలు పెట్టి ఆయన ఎక్కలేకపోయారు. కాళ్ళు వాచి ఉన్నాయి. కండక్టరు చెయ్యి అందించాడు కూడాను. ఆయన కాలు వెనక్కి తీసుకుని, 'మీరు వెళ్ళండి బాబూ' అన్నారు. ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇక శుక్రవారం.

ఆగండి, దీన్ని చెప్పనివ్వండి. మధ్యలో ఓదార్చకండి.

శుక్రవారం పొద్దున ఆరింటికి మీరు ఫోన్ చేశారు. గుర్తుందా? 'వరమ్మగారూ, నిన్న ఇంటికొచ్చాం, గూడెంలో ఉన్నాం, రైలు మళ్ళీ మన దారిలోకి వచ్చేసింది, ఎక్కేశాం, సీటు ఆపుతున్నాను, భీమడోలులో రెండో పెట్టె' అన్నారు. ఎంత సంతోషంగా చెప్పారో. నేనేమన్నాను? ఊళ్ళో వాళ్ళ కారు ఏలూరు వెళ్తోంది, మేం అందులో వచ్చేస్తాం అన్నాను. తర్వాత రాలేదేమని మీరడిగితే, ఆ కారు రాలేదన్నాను.

కారు లేదండీ. ఎవరి కారూ లేదు.

నాకు లేవాలనిపించలేదు. అంతే. ఇంకో కారణం ఉంటే బాగుండేదని ఎంత వెతుక్కున్నానో. మూడు నెలలు నాలుగింటికి లేచి, ఆయనకి స్నానం చేయించి, ఆ సంచీ సర్ది, ఆయన్ని లాక్కుని, మోసుకుని... ఆరోజు ఒళ్ళు కదల్లేదు. ఒక్క రోజు పడుకుంటాను, సోమవారం ఎలాగూ రైలు ఉంటుంది అనుకున్నాను.

మంచం మీంచి ఆయన అడిగారు, 'ఎవరు ఫోను? రైలొచ్చిందంటనా?' అని.

'ఎక్కడిదండీ, ఇంకా రాలేదు, సోమవారం వెళ్దాం' అన్నాను.

కాసేపటికి కూత వినిపించింది. పొద్దున్నపూట మా ఇంటికి బాగా వినిపిస్తుంది. ఆయన తలెత్తారు. 'గూడ్సు' అన్నాను, అడక్కుండానే. ఆయన నా వంక చూసి, 'సరేలే, నువ్వు కాసేపు పడుకో' అన్నారు.

పన్నెండేళ్ళ వయసు నుంచీ ఆ కూతలు వింటున్న మనిషి. పాసింజరుకీ గూడ్సుకీ తేడా తెలీదంటారా?

నేను పడుకున్నానండీ. ఎనిమిదిన్నర దాకా. ఎంత మంచి నిద్ర పట్టిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. లేచేసరికి ఆయనే ఎలాగో లేచి, గోడ పట్టుకుని నడిచి, పొయ్యి మీద టీ పెట్టారు. తాగకూడదు కదా తను, నాకోసం పెట్టారు.

శనివారం ఆయాసం మొదలైంది. ఆదివారం పొద్దున చర్చిలో మొదటి గంట కొడుతుంటే అంబులెన్సుకి ఫోన్ చేశాను. అది వచ్చింది, త్వరగానే వచ్చింది. దెందులూరు దాటకుండానే నా చెయ్యి వదిలేశారు.

ఊళ్ళో అందరూ రైల్వేవాళ్ళని తిట్టారు. పాస్టరుగారు సమాధి దగ్గర ప్రార్థనలో కూడా ఆ మాటే చెప్పారు. మా పెర్సిస్, చంటిబిడ్డని ఎత్తుకుని, 'రైలు చంపేసిందమ్మా నాన్నని' అని ఏడ్చింది. నేను తలూపాను. నెల రోజులుగా తలూపుతూనే ఉన్నాను. ఈ శుక్రవారం సంగతి మీతోనే కాదు, ఎవరితోనూ అనలేదు.

ఏమంటారు? ఒక్క రోజుకి పోయేవారు కాదంటారా? బుధవారం మానడంతోనే అసలు చేటు జరిగిపోయిందంటారా? నేనూ అలాగే చెప్పుకుంటాను. కొన్ని పూటలు నమ్ముతాను కూడా.

ఆ కాగితం ఇటివ్వండి. ఈ ముక్క కొట్టెయ్యమనండి అచ్యుతరావుగారిని, 'వెళ్ళలేక మరణించారు' అన్నది. బుధవారం బస్సు మెట్టు ఎక్కలేకపోయారని రాయండి. నెత్తురు సంగతి రాయండి. తొంభై రోజులు రాయండి. అదంతా వాళ్ళదే, వాళ్ళు వినాల్సిందే. శుక్రవారం మాత్రం వాళ్ళ లెక్కలో వెయ్యకండి. ఆరోజు వాళ్ళు రైలు పంపించారు.

ఇదిగో, ఇక్కడేగా సంతకం? వ, ర, మ్మ. చాలా?

ఏడవకండి. మీరు ఏడిస్తే నేను మళ్ళీ అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

మీ కళ్ళ కింద చూసుకున్నారా అద్దంలో? నాకు తెలుసు ఆ నలుపు. మీకూ ఏదో ఒక పొద్దున లేవాలనిపించదు. సిగ్గుపడకండి, నాకు ఫోన్ చెయ్యండి. రైలుంటే రైల్లో, లేకపోతే బస్సులో వస్తాను, అచ్యుతరావుగారిని నేను తీసుకెళ్తాను. మీరు పడుకుందురుగాని.

సోమ, బుధ, శుక్రవారాలు నాకిప్పుడు ఏ పనీ లేదు.