పిల్లల పక్కన కూర్చుని పుస్తకాలు ఎంచిన ఎవాంజెలిన్ గారు

1993 ఆగస్టు 2, సోమవారం నాడు శ్రీమతి ఎవాంజెలిన్ గారు మన విశ్వవిద్యాలయంలోని పాఠశాల పఠన విభాగంలో సహాయకురాలిగా చేరారు. అయితే ఆ శుభవార్త తార్నాకలోని వారి రెండు గదుల అద్దె ఇంటికి అంతకు నాలుగు రోజుల ముందే చేరింది. అప్పటికి వారికి పెళ్లయి ఇరవై రెండు రోజులు. భర్త సుందరరావు గారు స్టూలెక్కి కిటికీకి పరదా కడుతుంటే, ఎవాంజెలిన్ గారు కింద స్టూలు కదలకుండా పట్టుకున్నారు. వీధిలోంచి పోస్ట్‌మన్ పేరు పెట్టి పిలవగానే ఆమె స్టూలు సంగతే మరిచిపోయి పరుగెత్తారు. ఉత్తరం చదువుకుంటూ లోపలికి వచ్చేసరికి సుందరరావు గారు పరదాతో సహా నేల మీద ఉన్నారు.

"ఏవండీ, ఉద్యోగం వచ్చిందండీ!"

"నాకు నడుం పోయింది. సర్లే, ఏం పనంట?"

"బడిపిల్లలకు తగిన కథల పుస్తకాలు ఎంచడమంట."

"కథలు చదువుకుంటూ కూర్చుంటే జీతమిస్తారా? నాక్కూడా ఒక ఖాళీ ఉందేమో అడగవే!"

ఆ రోజు పరదా కట్టనే లేదు. సన్నని జల్లులో ఒకే గొడుగు కింద నడుచుకుంటూ వెళ్లి, తాను పనిచేయబోయే భవనాన్ని ఆమె భర్తకు దూరం నుంచే చూపించారు. గేటు దగ్గర కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి కొనుక్కుని చెరిసగం తిన్నారు. ఆ సగం పొత్తు రుచి చెప్పేటప్పుడు ఆమె ముఖం నేటికీ కొత్త పెళ్లికూతురి ముఖమే.

విభాగం చేసే పని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ప్రచురణకర్తలు పంపిన పుస్తకాలను పరిశీలించి, ఏ తరగతికి ఏది తగునో నిర్ణయించి, ఏటా అరవై బడులకు జాబితా పంపాలి. కాని తగని పుస్తకం ఒక్కటి చేతికిస్తే, తొమ్మిదేళ్ల పిల్ల 'పుస్తకాలంటే ఇంతే కాబోలు' అనుకుని చదవడానికే దూరం కావచ్చు. మొదటి రోజే ఎవాంజెలిన్ గారిని పట్టుకున్న ఆ భయం ముప్పై మూడేళ్ల పాటు ఆమెను విడవలేదు. ఆమె పదవీ విరమణ చేస్తున్న ఈ వేళ మన విభాగం ముందున్న ప్రశ్న కూడా దాని నుంచి పుట్టినదే: ఆమె వెళ్లిపోయాక ఆ పిల్లల మాట వినేదెవరు?

తొలి సంవత్సరాలలో ఆమె ఒక పద్ధతిని నెలకొల్పారు. కొత్త పుస్తకాలను అడిక్‌మెట్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలకు పంపి, పదిహేను రోజులు పిల్లల మధ్య వదిలేసేవారు. తిరిగి వచ్చాక పుటల అంచులు చూసేవారు. ఎంతవరకు మాసి ఉంటే పిల్లలు అంతవరకు చదివినట్టు లెక్క. ఆ పుస్తకాల సంచీని మోసుకెళ్లి, మోసుకొచ్చిన వారు మన అటెండర్ బుచ్చవ్వ గారు. ఈ పరీక్షకు విభాగమంతటా మంచి పేరు వచ్చింది.

1999లో నదుల గురించిన లావుపాటి పుస్తకం ఒకటి మొదటి పుట నుంచి చివరి పుట దాకా నల్లగా మాసి తిరిగి వచ్చింది. అంతగా చదివిన పుస్తకాన్ని అంతవరకు ఎవరూ చూడలేదు. ఎవాంజెలిన్ గారు పొంగిపోయి దానిని జాబితాలో మొట్టమొదట చేర్చారు. జాబితా అరవై బడులకూ చేరిన మరుసటి వారం, ఆ పిల్లలను కళ్లారా చూడాలన్న కోరికతో బుచ్చవ్వ గారిని వెంటబెట్టుకుని అడిక్‌మెట్ వెళ్లారు. నాలుగో తరగతిలో ముందు వరుసలో నవత అనే అమ్మాయి కూర్చుని ఉంది.

"ఈ పుస్తకంలో నీకేది నచ్చిందమ్మా?"

"నూట పదహారో పేజీ, మేడం."

"అందులో ఏ నది ఉంది?"

"నదేంది మేడం? సిక్సర్ ఉన్నది!"

తరగతి గొల్లుమంది. నవత లేచి నిలబడి ఓపికగా వివరించింది. "కండ్లు మూస్కొని పుస్తకం తెరవాలె. ఎడమ దిక్కు పేజీ నంబర్ల ఆఖరి అంకె ఎంతుంటే గన్ని రన్లు. సున్నా వస్తే ఔట్. సన్న పుస్తకం జల్ది అయిపోతది. ఇది లావున్నది మేడం, మస్తు ఆడొచ్చు."

"మరి చదవలేదా?"

"ఒక్క పేజీ సదివినం. ఏ నది ఎంత పొడుగో, అన్నీ గవే ఉన్నయి. గవి ఎవరికి గావాలె?"

బుచ్చవ్వ గారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "ఓ మేడం, మీరు నదులని పంపిస్తిరి. గీ పోరగాండ్లు గీడ మ్యాచులు ఆడుకున్నరు!"

ఎవాంజెలిన్ గారు మాత్రం ఆ రోజు నవ్వలేకపోయారు. తిరిగి రాగానే నాటి సూపరింటెండెంట్ శశిభూషణ్ గారి ముందు నిలబడి జరిగింది చెప్పి, తప్పు తనదేనని బడులన్నింటికీ రాస్తానన్నారు.

"పోనీయండమ్మా, ఎవరికి తెలుస్తది? మీ ప్రమోషన్ ఫైలు పైకి పోయింది. గీ టైంల తప్పు నాదే అని ఎవరన్న రాసిస్తరా?"

"ఆ అరవై బడుల పిల్లలకు తెలుస్తుంది కదండీ," అన్నారామె.

నాలుగు రోజులు కూర్చుని అరవై ఉత్తరాలు స్వహస్తాలతో రాశారు. 'పిల్లలు ఈ పుస్తకం చదివారని నేను చూడకుండానే చెప్పాను. దయచేసి దీనిని జాబితా నుంచి తొలగించండి' అన్నది వాటి సారాంశం. పదోన్నతి రెండేళ్లు వెనక్కి జరిగింది. ఆ రెండేళ్ల గురించి ఆమె నోట ఫిర్యాదు విన్నవారు మనలో ఎవరూ లేరు.

ఆ తప్పు నుంచే మన విభాగానికి శనివారాలు వచ్చాయి. ప్రతి శనివారం ఆమె నాలుగో తరగతి పిల్లలతో నేల మీద, చివరి వరుసలో కూర్చునేవారు. ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు వినేవారు. ఆమె పిల్లలను చూసేవారు. ఎక్కడ వాళ్లు ఒకరినొకరు నెట్టుకుంటూ పుస్తకం దగ్గరికి జరిగారో, ఎక్కడ పక్కవాళ్ల జడలు లాగడం మొదలుపెట్టారో గుర్తు పెట్టుకుని వచ్చి రాసుకునేవారు. బాగా అమ్ముడుపోయే పుస్తకాలు కొన్ని జడల దగ్గరే ఆగిపోయాయి. ఎవరూ పేరు వినని పలచని పుస్తకాలు కొన్నింటిని పిల్లలు ఇంటికి ఇవ్వమని గొడవ చేశారు. బడులు మూతపడిన మహమ్మారి రోజుల్లోనూ ఆమె శనివారం మానలేదు. పిల్లల ఇళ్లల్లోని కుక్కర్ కూతలు, కోడిపుంజుల అరుపుల మధ్య ఫోనులోనే కథలు విన్నారు. 2001లో సీనియర్ సహాయకురాలిగా, 2014లో సూపరింటెండెంట్‌గా బాధ్యతలు పెరిగినా చివరి వరుసలో ఆమె స్థానం మారలేదు.

ఈ ఏడాది పద్ధతులు మారాయి. ప్రచురణకర్తలు కంప్యూటర్ ద్వారా పంపే సారాంశాలను చూసి జాబితా ఖరారు చేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. శనివారాలు ఆమెతోనే ముగుస్తాయని అందరం అనుకున్నాం. గత మంగళవారం విభాగాధిపతి శివకుమార్ గారి గదిలో టీ తాగుతూ, వీడ్కోలు కానుకగా ఏం కావాలని ఆమెను అడిగాం.

"ఏమీ వద్దండి. శనివారాలు ఆపకండి, చాలు."

శివకుమార్ గారు ఇబ్బందిగా కదిలారు. "మీరున్నన్ని రోజులు మీరు పోయిండ్రు మేడం. ఇప్పుడు ఎవరిని పంపాలె? మనుషులు లేరు. సారాంశాలు మంచిగనే ఉంటున్నయి కదా."

"బాగానే ఉంటాయి సార్. అవి రాసేది పుస్తకం అమ్ముకునేవాళ్లు."

ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టారు. మళ్లీ ఆమే అన్నారు. "ఒక్క శనివారం మీరే రండి. చూశాక కూడా అక్కర్లేదంటే ఇంకెప్పుడూ అడగను."

"నేనా? పిల్లల ముందర నేనేం మాట్లాడాలె?"

"ఏమీ మాట్లాడకూడదండి. అదే కష్టం."

ఆయన పెద్దగా నవ్వి, డైరీ తెరిచి తేదీ వేసుకున్నారు.

నేడు, జూలై 31న, మనమందరం ఎవాంజెలిన్ గారిని సగౌరవంగా సత్కరించుకుంటున్నాం. ఆమె మోకాళ్లు నేల మీద హాయిగా కూర్చోనిస్తూ, ఆమె చెవులు ముందు వరుస గుసగుసలను సైతం పట్టుకుంటూ, సుందరరావు గారి హాస్యం ఆ ఇంట్లో మోగుతూ ఉండగా, ఆమె సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలని విభాగమంతా మనసారా కోరుకుంటోంది.

రేపు ఆగస్టు 1, శనివారం. ఉదయం పది గంటలకు అడిక్‌మెట్ బడిలో, నాలుగో తరగతిలో, మూడు కొత్త పుస్తకాలు చదువుతారు. ఎవాంజెలిన్ గారు వెళ్తున్నారు. శివకుమార్ గారు కూడా వెళ్తున్నారు. చివరి వరుసలో ఒక పెద్ద మనిషికి సరిపడా చోటు ఉంచమని ఆమె బడికి ఇప్పటికే ఫోన్ చేసి చెప్పారు.